సుముఖురాలు

నాకు కోపం ఎక్కువ. దాచి లాభం లేదు, రెండు పేరాలు చదివేసరికి మీకే తెలిసిపోతుంది. బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషిని. ఆ ఉద్యోగంలో మెత్తగా మాట్లాడితే వెనక సీటు దాకా మాట చేరదు. ఇప్పుడు ఇంట్లో కూచున్నావుగా, కాస్త గొంతు తగ్గించమ్మా అంటాడు మావాడు. ఎక్కడ తగ్గుతుంది? అయినా ఇది నా గొడవ కాదు, మా కోడలి గొడవ. ఆ పిల్ల నోట్లో నాలుక లేని మనిషి. దాని బదులు కూడా నేనే అరవాల్సి వస్తోంది కాబట్టి, అరిచి అరిచి గొంతు పోయింది కాబట్టి, ఇలా రాస్తున్నాను.

మా కోడలు పెద్దాసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్. కిడ్నీలు చెడిపోయినవాళ్ళను వరసగా కుర్చీల్లో పడుకోబెట్టి, మెషీన్ మీద రక్తం శుభ్రం చేసే పని. చేతిలో నరం ఉబ్బి ఉన్నచోట రెండు లావుపాటి సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి రక్తం బయటికొచ్చి, మెషీన్‌లో తిరిగి, రెండోదాంట్లోంచి లోపలికి పోతుంది. ఒకసారి మొదలుపెడితే పూటంతా పడుతుంది. మళ్ళీ ఒకరోజు విడిచి ఒకరోజు రావాల్సిందే, బతికినన్నాళ్ళూ. నేను మొదటిసారి చూసినప్పుడు కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. గర్భిణీలు, తాగుబోతులు, కోడిపుంజులు ఎక్కిన బస్సుల్లో టికెట్లు కొట్టినదాన్ని, అక్కడ మాత్రం నిలబడలేకపోయాను.

అదేమో అక్కడే నవ్వుతూ తిరుగుతుంది. సూది గుచ్చేముందు ఆ నరం మీద రెండు వేళ్ళు ఆనించి, లోపల రక్తం జుమ్మని పారుతోందో లేదో చూస్తుంది. చూస్తూ చూస్తూ వాళ్ళ మనవల సంగతులు అడుగుతుంది. వాళ్ళు చెప్పే ధ్యాసలో ఉండగానే సూది లోపలికి పోతుంది. అక్కడ ఒక డ్రాయింగు మాస్టారు ఉన్నారు. పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైన పెద్దమనిషి. ఈ జబ్బువాళ్ళు నీళ్ళు లెక్కగా తాగాలి. ఆయన తాగేస్తారు. బరువు చూస్తే దొరికిపోతారు. నేనైతే కడిగేసేదాన్ని. మా కోడలు మాత్రం, "మాస్టారూ, నిన్న మీ వీధిలో ఎండ బాగా ఎక్కువగా ఉన్నట్టుందే?" అంటుంది. ఆయన సిగ్గుపడిపోయి, "ఇవాళ తగ్గుతుందిలే అమ్మా" అంటారు. అంతే, ఆ పూటకి తిట్లు అయిపోయినట్టే.

దాని పద్ధతే అంత. ఎవరినీ నొప్పించదు. ఎవరికీ మొహం మీద కాదనదు. కాదనాల్సి వస్తే దానికున్న మాట ఒక్కటే: "చూద్దాం."

పెళ్ళికి ముందు మావాడు సినిమాకి రమ్మన్నాడట. చూద్దాం అందట. వీడు వెర్రివాడు, టికెట్లు కొనుక్కుని హాలు ముందు ఆట వదిలేదాకా నిలబడ్డాడు. ఆ రోజుతో బుద్ధి వచ్చింది. ఇప్పుడు అది చూద్దాం అంటే మారుమాట్లాడకుండా పక్క గదిలోకి పోతాడు. నా మనవరాలికి కూడా పాలుతాగే వయసులోనే ఆ మాట అర్థమైపోయింది. అమ్మ చూద్దాం అనగానే ఏడుపు లంకించుకునేది. అసలు ఈ భాష మాట్లాడేవాళ్ళలో చూద్దాం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇక దాని ఉద్యోగం సంగతి. చేరినప్పుడు కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఆరు నెలల్లో పర్మనెంట్ చేస్తామన్నారు. నా మనవరాలు పుట్టింది, నడిచింది, బడికెళ్ళింది, ఇప్పుడు నాతోనే వాదనకు దిగుతోంది. ఆ ఆరు నెలలు మాత్రం ఇంకా గడవలేదు. ఈలోగా దాని చేతికింద నేర్చుకున్నవాళ్ళు ఎంతమందో. జ్వరం వచ్చి ఒకరోజు మానేస్తే మర్నాడు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని బతుకు. అది కోరుకున్నదల్లా ఒకటే. ఆ వార్డులోనే, ఆ కుర్చీల మధ్యే, రేపటి గురించి భయం లేకుండా పనిచేసుకోవాలని. అత్యాశా?

అలాంటప్పుడు మొన్నామధ్య నిజంగానే పోస్టులు పర్మనెంట్ చేస్తున్నారని కబురొచ్చింది. అందరికంటే సీనియరు మా కోడలే. ఇంకేం, అయిపోయినట్టే అనుకున్నాం. మావాడు కుర్చీలో కూచుని ఊరికే నవ్వుకుంటుంటే నేనే చూశాను.

సరిగ్గా అప్పుడే సర్వే వచ్చిపడింది. దాని పేరు విదేశీ ఉపాధి సుముఖతా సర్వే. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు పరాయి దేశాలకు వెళ్ళిపోతున్నారట, ఇంకా ఎంతమంది వెళ్ళాలనుకుంటున్నారో కొలుస్తారట. కొలవండి, మాదేం పోయింది. ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి ట్యాబ్ పట్టుకుని ఒకాయన వచ్చాడు. చేతిలో ఆ పలక లాంటిది తప్ప ఆయన మొహం నాకు గుర్తులేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఆయన పేరు ట్యాబాయనే.

కోడలు ఫ్యాను కింద కుర్చీ వేసింది. మంచినీళ్ళిచ్చింది. నన్ను టీ పెట్టమంది. నేను వంటింట్లో ఉన్నా చెవులు మాత్రం ముందు గదిలోనే ఉన్నాయి.

"విదేశాల్లో మీ పనికి మంచి ఉద్యోగం వస్తే వెళ్తారా అమ్మా?" అన్నాడు.

"చూద్దాంలెండి" అంది నవ్వుతూ.

టక్కుమని పలక మీద వేలు పడిన చప్పుడు.

"వెళ్ళదు!" అన్నాను వంటింట్లోంచి.

"పెద్దమ్మగారూ, వారి జవాబు వారే చెప్పాలి. అది రూలు."

"వారి జవాబే చెబుతున్నా బాబూ. మీకు వినపడలేదేమోనని."

కోడలు గుమ్మంలోంచి నా వైపు ఒక చూపు చూసింది. అత్తయ్యా, ఇంటికొచ్చిన మనిషి, ఊరుకోండి అని దాని అర్థం. ఊరుకున్నాను.

"అక్కడి భాష నేర్చుకోవడానికి సిద్ధమేనా?"

"ఏ భాషైనా నేర్చుకుంటే మంచిదేకదండీ." టక్.

"ఇంట్లోవాళ్ళు అడ్డు చెబుతారా?"

"మావాళ్ళు దేనికీ అడ్డు చెప్పరండీ." టక్.

దీనికి నోరు తెరవబోయి మళ్ళీ మూసుకున్నాను. అడ్డు చెబుతాను అంటే కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తననుకుంటాడు. చెప్పను అంటే పంపించేస్తున్నాననుకుంటాడు. ఇరుక్కుపోయానంటే నమ్మండి.

"వెళ్ళాలనే కోరిక పదికి ఎంత వేసుకోమంటారు?"

"ఏదో ఒకటి వేసేయండి, మీ ఇష్టం."

"ఎనిమిది వేయనా?"

"అయ్యో, అంతొద్దులెండి."

"పోనీ ఏడు వేస్తాను. నా మాట కాదనకండి."

వంకాయల బేరమా అది? బతిమాలుకుంటూ బేరమాడుకుంటూ ఒక మనిషి దేశం విడిచి పోవాలనుకునే కోరికను ఏడు దగ్గర తెగ్గొట్టారు ఇద్దరూ కలిసి. ఆయన టీ తాగి, బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

తలుపు వేయగానే పట్టుకున్నాను. "ఏమే, నిజంగా పోతావా?"

అది విరగబడి నవ్వింది. "నేనెక్కడికి పోతానత్తయ్యా? అక్కడివాళ్ళతో నేనేం మాట్లాడతాను? పూటంతా నోరు మూసుకుని మెషీన్ చప్పుడు వింటూ కూచోవాలా? పిచ్చెక్కిపోతుంది నాకు."

"మరి ఆ ముక్క ఆయనతో అనొచ్చుగా?"

"అన్నాగా!"

"ఎక్కడన్నావే?"

"చూద్దాం అన్నాగా!" అంది, నాకే తెలుగు రానట్టు నా మొహంలోకి చూసి.

కొన్నాళ్ళకు పర్మనెంట్ అయినవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. మా కోడలి పేరు లేదు. పొడుగాయన పేరుంది. పొడుగాయన అంటే దాని దగ్గర పని నేర్చుకున్నవాడు, దాని తర్వాత ఎంతో కాలానికి చేరినవాడు. సూది ఎలా పట్టుకోవాలో దీని చేతుల్లో చూసి నేర్చుకున్నాడు. కోడలు ఇంటికొచ్చి చెప్పులు విప్పి, "నా పేరు రాలేదత్తయ్యా" అని, స్నానానికి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినపడింది.  

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు దాని రెక్క పట్టుకుని సూపరింటెండెంటు గదికి లాక్కుపోయాను. వద్దత్తయ్యా, బాగోదత్తయ్యా అంటూనే ఉంది. బాగోకపోవడం ఏమిటే, వాళ్ళు చేసింది బాగుందా అన్నాను. గదిలో పెద్ద బల్ల, బల్ల వెనక ఆయన, పక్కన స్టూలు మీద గుమాస్తా. కూర్చోమన్నారు. మర్యాదకేం లోటు లేదు.

"సీనియారిటీ సంగతి మాకు తెలుసమ్మా" అన్నాడాయన. "కానీ సర్వేలో వీరు సుముఖుల్లో ఉన్నారు. సుముఖులను ఈసారికి పక్కన పెట్టమని పై నుంచి ఆర్డరు. రేపోమాపో వెళ్ళిపోయేవాళ్ళని పర్మనెంట్ చేసి ఏం ప్రయోజనం చెప్పండి?"

"సుముఖులంటే?"

"వెళ్ళడానికి సుముఖంగా ఉన్నవాళ్ళు."

సుముఖం! ముఖం మంచిగా పెట్టడమేగా సుముఖం అంటే? అవును, పెట్టింది. ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నవ్వుతూ మాట్లాడింది. మరి ఏడుపు మొహం పెట్టి తలుపు వేసెయ్యాలా? ఇంతా చేసి వాళ్ళు కొలిచింది సుముఖత కాదు, మొహమాటం. ఆ ట్యాబాయన ఊరంతా తిరిగి మొహమాటపడేవాళ్ళందరినీ ఒకవైపు, మొహం మీద చెప్పేవాళ్ళందరినీ ఇంకోవైపు పెట్టి, మొహమాటపడ్డవాళ్ళందరి మీదా దేశం విడిచిపోతారని ముద్ర కొట్టాడు.

"మరి పొడుగాయన?" అన్నాను. "వాడు బయటి దేశానికి పరీక్ష రాసి పాసయ్యాడు. వీసా కోసం చూస్తున్నాడు. వార్డులో గోడలకు కూడా తెలుసు."

గుమాస్తా నేలచూపులు చూశాడు. సూపరింటెండెంటు ఏదో కాగితం తిప్పి, "ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని ఈ గడప దాటనని చెప్పారమ్మా. పదికి సున్నా" అన్నాడు.

నాకు మాట పడిపోయింది. నాకు! కాస్త తేరుకుని, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. చూద్దాం అన్నమాటకు అర్థమేమిటో, ఏడు మార్కులు ఎలా పడ్డాయో. ఆయన తలూపుతూ విన్నాడు. పాపం, చాలా ఓపిగ్గానే విన్నాడు. మొత్తం విని, "మీ బాధ అర్థమైందమ్మా. చూద్దాంలెండి" అన్నాడు.

దిగ్గున లేచాను. "ఇప్పుడు మీరేమన్నారు?"

"చూద్దాం అన్నాను."

"అంటే ఇస్తామనా?"

ఆయన బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఇవ్వమనేగా? నాకు అర్థమైంది. మీ గుమాస్తాకి అర్థమైంది. గుమ్మం దగ్గర ప్యూనుకి కూడా అర్థమైంది. ఆ కుర్చీలో కూచుని మీరు చూద్దాం అంటే కాదని, ఇది అంటే ఔననా? మీ మాటకో నిఘంటువు, దీని మాటకో నిఘంటువా?"

కోడలు నా మోచేతి మీద గిల్లింది. నేను వదల్లేదు. ఆయనకీ చిరాకొచ్చింది. మర్యాద కాస్త పలచబడింది.

"సరే. ఇంత గొడవెందుకు? ఆమె ఇక్కడే ఉంది కదా, ఆమె నోటితోనే చెప్పమనండి. రాయించి పైకి పంపుతాను. చెప్పమ్మా, వెళ్తావా, వెళ్ళవా? ఒక్క మాట. నసుగుడు కుదరదు. ఇన్నాళ్ళు నీకు ఉద్యోగమిచ్చిన ఆసుపత్రి, ఉంటావన్న నమ్మకం మాకు కలగాలి కదా?"

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. గుమాస్తా పెన్ను తీశాడు. నేను దాని మొహం చూస్తూ, వెళ్ళనని అనవే, ఒక్కసారి అనవే తల్లీ అని లోపల మొక్కుకుంటున్నాను. దాని మొహం ఎర్రబడింది. ఆ నవ్వు పోయింది. నవ్వు లేకుండా దాన్ని చూడటం నాకదే మొదలు. మెల్లగా లేచి నిలబడింది.

"వెళ్తానండి" అంది. అని, చేతులు జోడించకుండా, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

సూపరింటెండెంటు గుమాస్తా వైపు తిరిగాడు. "రాసుకోవయ్యా. వెళ్తానని స్వయంగా చెప్పింది."

"అయ్యో రామా! అది ఈ గదిలోంచి వెళ్తానంది!" అని కేకవేశాను.

"అమ్మా, నేనడిగిందేమిటి, ఆమె చెప్పిందేమిటి? మీరు కూడా విన్నారు. ఎప్పుడైనా సెలవు తీసుకునేవాళ్ళు వెళ్ళొస్తానంటారు. వెళ్తాను అని ఎవరైనా అంటారా?"

అక్కడ మాత్రం తెలుగు బాగా తెలిసింది మహానుభావుడికి. ఆ మాటలో వస్తాను అన్న ముక్క లేదని వెంటనే పట్టేశాడు. అది ఎందుకు లేదో మాత్రం పట్టుకోలేకపోయాడు. ఒళ్ళు మండిన మనిషి నోట వస్తాను అన్న మాట ఎలా వస్తుంది?

నేను వరండాలో పరుగు లాంటి నడకతో దాన్ని అందుకున్నాను. "వెనక్కి రావే. తప్పుగా రాసేస్తున్నాడు. వెళ్ళనని ఒక్కమాట అనేసి వద్దువుగాని రా."

అది ఆగి నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో నా ముందు గొంతు పెంచని పిల్ల, వరండాలో జనం అందరూ తిరిగి చూసేలా అరిచింది.

"ఎన్నిసార్లు చెప్పాలత్తయ్యా? రోజూ పొద్దున్నే వస్తున్నాను కదా! పాపకి జ్వరం వచ్చినా వచ్చాను. బస్సులు లేకపోతే నడిచి వచ్చాను. ఉంటానని చెప్పడమంటే అది కాదా? అది వాళ్ళకి కనపడలేదా? ఇంకా నోటితో చెప్పాలా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాలా? నేను చెప్పను. ఏం రాసుకుంటారో రాసుకోమనండి!"

మొహం తుడుచుకుని వార్డులోకి వెళ్ళిపోయింది. అప్పటికే కుర్చీల్లో మనుషులు వచ్చి కూచుని ఉన్నారు. దానికి కోపం రాదని నేనింతకాలం అనుకున్నాను కదా, వస్తే నా కోపం దాని ముందు ఎందుకూ పనికిరాదు. నాది అరిస్తే పోతుంది. దానిది పోలేదు.

తర్వాత నేను ఒక్కదాన్నే ఆ గదికి మళ్ళీ వెళ్ళాను. ఇంకా పై ఆఫీసుకూ వెళ్ళాను. మావాడు పని మానుకుని తిరిగాడు. అర్జీలు పెట్టాం. ప్రతిచోటా ఒకటే మాట, స్వయంగా సుముఖత తెలిపినట్టు రాసి ఉంది కదమ్మా అని. ఎవరు ఎదురైనా మనం చెప్పేది వినకుండా కాగితం చూసి మాట్లాడతారు. బస్సులో టికెట్టు పోగొట్టుకున్న మనిషి మొహం చూస్తేనే కొన్నాడో లేదో నాకు తెలిసేది. వీళ్ళకి ఎదురుగా మనిషి నిలబడినా తెలియదు. ఆ పోస్టు పోయింది. మళ్ళీ ఎప్పుడు వేస్తారో దేవుడికే తెలియాలి.

ఆపైన జరిగిందే అసలు కడుపు మండే సంగతి. పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చి, ఆ సిరా ఆరేలోపే పొడుగాయనకు వీసా వచ్చింది. గడప దాటనన్నవాడు గడపేం ఖర్మ, సముద్రాలే దాటాడు. పోనీ రాజీనామా చేశాడా? ఎందుకు చేస్తాడు? పర్మనెంట్ వాళ్ళకి లాంగ్ లీవు ఉంటుంది. ఏళ్ళ తరబడి పెట్టుకోవచ్చు. అక్కడ బాగుంటే ఉంటాడు, బాగోకపోతే వచ్చి కుర్చీలో కూచుంటాడు. అందాకా ఆ పోస్టు ఆయన పేరు మీదే భద్రంగా ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వకూడదు. మరి ఆయన చెయ్యాల్సిన పని? దానికి కాంట్రాక్టు మనిషి ఉంది కదా.

ఉంది. వెళ్తుందని రాసుకున్న మనిషి ఇక్కడే ఉంది. తన పని అయ్యాక పొడుగాయన షిఫ్టు కూడా చేస్తోంది. ఇంట్లో తినే తీరిక లేదు. మధ్యాహ్నం డబ్బా నేనే తీసుకెళ్తున్నాను.

నిన్న కూడా వెళ్ళాను. మాస్టారు చెయ్యి చాపి కూచుని ఉన్నారు. కోడలు నరం మీద వేళ్ళు ఆనించింది.

"నువ్వూ వెళ్ళిపోతున్నావటగా అమ్మా?" అన్నారాయన. "ఆఫీసులో రాసిచ్చావట. ఎప్పుడో కాస్త ముందుగా చెబితే నేను ధైర్యం తెచ్చుకుంటాను. కొత్త చేతుల్లో చెయ్యి పెట్టాలంటే ఈ వయసులో భయమేస్తోంది."

కోడలి వేళ్ళు ఆగిపోయాయి. ఆయన కళ్ళలోకి సూటిగా చూసి, చాలా స్పష్టంగా అంది. "నేనెక్కడికీ వెళ్ళడం లేదు మాస్టారూ. వెళ్ళను."

దాని నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. నా గుండె ఉప్పొంగింది.

మాస్టారు నవ్వారు. రెండో చేత్తో దాని భుజం తట్టారు. "నీ మొహమాటం నాకు తెలియనిదా అమ్మా? నా మొహం చూస్తూ వెళ్తానని ఎలా అంటావులే. పోనీ, నేనే కనుక్కుంటాను" అన్నారు.

అది సూదులు రెండూ గుచ్చి, ప్లాస్టరు అంటించి, మెషీన్ ఆన్ చేసింది. నా చేతిలోని డబ్బా వైపు చూసి, ఇంకాసేపాగి తింటానని చెప్పి, పక్క వరసలోకి వెళ్ళింది. అది పొడుగాయన వరస.